ఏ కాగితం మీద ఏముంటుంది? ఒక క్రేన్ ఆపరేటర్ కేసు

నేను విశాఖపట్నంలో క్లినికల్ సైకాలజిస్టుని, మానసిక సమస్యలకి మాట్లాడి చికిత్స చేస్తాను. నా దగ్గరికి వచ్చిన ఒకరి కేసు ఇది. రాయడానికి ఆయన ఒప్పుకున్నారు. అచ్చుకు వెళ్లేముందు తను చదవాలని షరతు పెట్టారు. చదివి, రెండు వాక్యాలు కొట్టేయించారు. వయసు, కుటుంబం, పనిచేసే చోటు ఎవరూ పోల్చుకోలేనంతగా మార్చాను. ఓ షెడ్డులో ఓవర్‌హెడ్ క్రేన్ (కప్పు కింద కదులుతూ బరువులెత్తే యంత్రం) నడుపుతారు కాబట్టి ఇక్కడ ఆయన్ని ఆపరేటర్ గారు అంటాను. వయసు నలభై దాటింది. గాజువాక వైపు ఉంటారు. ఇద్దరు పిల్లలు.

మొదటి ఫోన్ ఆయన చెయ్యలేదు, భార్య చేశారు. మా క్లినిక్‌కి వచ్చే మగవాళ్లలో చాలామంది విషయంలో ఇదే జరుగుతుంది. భార్యో అక్కో ముందు వాకబు చేస్తారు.

"మేడంగారూ, మా ఆయనకి గుండెకి అన్నీ తీయించీసాం. ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్, థైరాయిడ్. ఏటీ లేదన్నారు. మనసు డాక్టర్ దగ్గరికి ఎల్లమన్నారు. మీరు కరెంటు పెట్టరు కదా?"

సినిమాలు చేసిన పుణ్యం ఇది. కరెంటు చికిత్స అనేది ఉంది. దాన్ని సైకియాట్రిస్టులు ఆసుపత్రిలో, కొన్ని తీవ్రమైన జబ్బులకి చేస్తారు. మత్తు ఇవ్వకుండా చెయ్యడాన్ని 2017 మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది. మా గదిలో రెండు కుర్చీలు, ఒక టేబుల్ ఫ్యాను, మంచినీళ్ల సీసా ఉంటాయి. అదే చెప్పాను. ఆవిడ నవ్వలేదు. నోటుపుస్తకంలో ప్రశ్నలు రాసి పెట్టుకున్నట్టున్నారు, ఒక్కోటీ చదువుతూ అడిగారు.

ఎంత తీసుకుంటారు? మొదటిసారి రూ. 1,200, తరవాత ప్రతిసారీ రూ. 1,000. యాభై నిమిషాలు. ఎన్నిసార్లు రావాలి? మనిషిని చూడకుండా చెప్పలేను. గాభరా సమస్య అయితే మామూలుగా పన్నెండు సిట్టింగుల లెక్కతో మొదలుపెట్టి, నాలుగోసారి దగ్గర ఆగి చూసుకుంటాం. బీమా వస్తుందా? శరీర జబ్బులకి ఇచ్చినట్టే మానసిక జబ్బులకీ బీమా ఇవ్వాలని అదే చట్టంలో ఉంది. కానీ చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బులిస్తాయి, కూర్చుని మాట్లాడే ఫీజు వాటిలోకి రాదు. వాళ్ల గ్రూపు పాలసీ కూడా అంతే.

ఆఖరి ప్రశ్న: "బోర్డు మీద ఏటి రాసుంటాది?"

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ అంటే ఎలాగో, మా ఊళ్లో చినవాల్తేరు అంటే అలాగ. అక్కడి ప్రభుత్వ మానసిక వైద్యశాల పేరు చెప్పి పిల్లల్ని ఆటపట్టిస్తూ పెరిగిన వాళ్లం మేమంతా. కాబట్టి ఆ ప్రశ్నకి నేను ఆశ్చర్యపోలేదు. మాది ఎంవీపీ కాలనీలో రెండో అంతస్తు, కింద పళ్ల డాక్టరున్నారు, ఎవరైనా అడిగితే పంటికని చెప్పుకోవచ్చన్నాను. ఇది సరైన సలహా కాదని మా సూపర్‌వైజర్ తరవాత మందలించారు. సిగ్గుపడాల్సిన చోటని నేనే ఒప్పుకున్నట్టయిందని ఆవిడ అభ్యంతరం. నిజమే కావచ్చు. కానీ ఆ మాట చెప్పకపోతే ఆయన మెట్లెక్కేవారు కాదని నా నమ్మకం.

మొదటి సిట్టింగ్

కూర్చోగానే ఆపరేటర్ గారు అడిగింది: "మీరు డాక్టరా?"

కాదు. మందులు రాసేది సైకియాట్రిస్టు, అంటే ఎంబీబీఎస్ చేసి ఆ పైన మానసిక వైద్యం చదివినవారు. నేను క్లినికల్ సైకాలజిస్టుని. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టరయ్యాను. సర్టిఫికెట్ గోడ మీదే ఉంది, నంబరు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చన్నాను. చాలామంది తలూపి వదిలేస్తారు. ఈయన లేచి వెళ్లి, కళ్లజోడు పెట్టుకుని, నంబరు ఫోన్లో కొట్టుకున్నారు. నాకు ముచ్చటేసింది. అందులో ఉన్న సంగతి మాత్రం అప్పుడు పట్టలేదు.

సమస్య ఇది. మూడు నెలలుగా ఉన్నట్టుండి గుండె దడ, చెమటలు, వేళ్లు తిమ్మిరి, కాళ్లు జావగారిపోవడం, ప్రాణం పోతోందన్న భయం. పది పదిహేను నిమిషాలుండి తగ్గుతుంది. వారంలో నాలుగైదు సార్లు. మొదటిది క్రేన్ క్యాబిన్లోనే వచ్చింది. బరువు గాల్లో వేలాడుతోంది, దించితే తప్ప దిగడానికి లేదు. అప్పట్నుంచి లిఫ్టు, బస్సులో కిటికీ దగ్గర కాని సీటు, ఎన్ఏడీ ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్ ఆగిపోవడం, దిగిపోవడానికి వీల్లేని ఏ చోటైనా భయమే. ఆందోళన కొలిచే ఏడు ప్రశ్నల పట్టిక, జీఏడీ-7లో 21కి 17 వచ్చింది. 15 గాని అంతకు మించి గాని వస్తే తీవ్రమని లెక్క. పానిక్ డిజార్డర్. దీన్ని గుర్తించడం కష్టమేమీ కాలేదు.

కష్టం సమ్మతి పత్రం దగ్గర వచ్చింది. రెండు పేజీల కాగితం అది. గోప్యత, ఫీజు, రద్దు నియమాలు ఉంటాయి. ఆయన పెన్ను పట్టుకుని ఆగిపోయారు.

"ఇది ఎక్కడికెళ్తాది?"

ఎక్కడికీ వెళ్లదు, బీరువాలో ఉంటుందన్నాను.

"బిల్లు మీద ఏటి రాస్తారు?"

'సైకలాజికల్ కన్సల్టేషన్' అని, తేదీ, మొత్తం. జబ్బు పేరు ఉండదు.

"మరి మీరు రాసుకుంటన్నారు కదా, అదెవరు చూస్తారు?"

నేను, మీరు. మీ రికార్డు అడిగి చూసే హక్కు మీకు చట్టంలోనే ఉంది. మీ అనుమతి లేకుండా ఇంకెవరికీ ఇవ్వను. ఇందుకు మినహాయింపులున్నాయి: మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పుందనిపిస్తే, పిల్లల మీద లైంగిక హింస సంగతి తెలిస్తే, కోర్టు ఆదేశిస్తే.

కాగితం గురించి మూడు సార్లు అడిగారు. నా నోట్స్‌లో ఇలా రాసుకున్నాను: "సంతకానికి సంకోచం. ఉద్యోగం దగ్గర పరువు భయం." ఈ వాక్యం సంగతి తరవాత వస్తుంది.

ఆయన సంతకం పెట్టి, పెన్ను మూత బిగిస్తూ అన్నారు: "ఇంకొకరి ప్రాణానికి ముప్పంటే... క్రేన్ కింద మనుషులుంటారు కదా మేడం. అది లెక్కలోకి వస్తాదా, రాదా?"

ఆ ప్రశ్నకి నా దగ్గర తయారుగా జవాబు లేదు. అడిగి తెలుసుకుంటే ఇంకో సంగతి బయటపడింది. పక్కింటాయన ఇచ్చిన బిళ్ల సగం విరిచి, డ్యూటీకి ముందు వేసుకుంటున్నారు. స్ట్రిప్ చూపించారు, అల్ప్రాజోలామ్. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు. మగత తెస్తుంది, కొన్ని వారాలు రోజూ వేసుకుంటే అలవాటవుతుంది, ఒక్కసారిగా మానేస్తే గాభరా రెట్టింపవుతుంది. అంటే కింద మనుషుల్ని పెట్టుకుని, వాళ్ల తలల మీద టన్నుల బరువు వేలాడదీసి, మగత బిళ్ల వేసుకుని మూడు వారాలుగా క్రేన్ నడుపుతున్నారు.

"వస్తుంది, లెక్కలోకి వస్తుంది. కానీ నేను మీ కంపెనీకి ఫోన్ చెయ్యడం కంటే మీరే చెప్పడం మంచిది. రేపు క్యాబిన్ ఎక్కనని నాకు మాటివ్వగలరా?" అన్నాను. చాలాసేపు ఫ్యాను వైపు చూశారు. ఎక్కనన్నారు. మర్నాడే సైకియాట్రిస్టు దగ్గరికి పంపాను. ఆయన అల్ప్రాజోలామ్ మెల్లగా తగ్గించేలా చార్టు రాసి, ఎస్‌సిటాలోప్రామ్ చిన్న మోతాదులో మొదలుపెట్టారు. మొదటి వారం కాస్త చికాకు పెరగొచ్చనీ, గుణం కనపడడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందనీ చెప్పారు. "కొన్నాళ్లు ఎత్తులో పని వద్దు" అని ఒక చీటీ ఇచ్చారు. అందులోనూ జబ్బు పేరు లేదు. ఇలాంటి చీటీ ఇవ్వాల్సింది వైద్యులే, నేనిచ్చే కాగితం అందుకు పనికిరాదు. షెడ్డు ఫోర్‌మన్ ఆయన్ని బరువులు కట్టే కలాసీల దగ్గర కింద సిగ్నల్ పనికి మార్చారు. పెద్దగా ప్రశ్నలు వెయ్యలేదట. ఆయన భయపడిన దాంట్లో పదో వంతు కూడా జరగలేదు.

"డబ్బులు నేను కడతన్నాను కదండీ"

రెండో వారం భార్య మళ్లీ ఫోన్ చేశారు. లోపల ఏం మాట్లాడుతున్నారని అడిగారు. చెప్పలేనన్నాను.

"డబ్బులు నేను కడతన్నాను కదండీ. నాకు చెప్పరా?"

ఆవిడకి కోపం రావడం సహజమే. మన ఇళ్లల్లో పేషెంటు ఒక్కడే ఎప్పుడూ ఉండడు, ఇంటిల్లిపాదీ ఉంటారు. స్కాను తీసిన డాక్టరు రిపోర్టు భార్య చేతికే ఇస్తాడు. ఇక్కడ మాత్రం ఎందుకు తలుపు వేసుకోవాలి? ఫీజు ఎవరు కట్టినా లోపలి మాట వచ్చినవారి సొత్తేనని చెప్పాను. ఆవిడ చెప్పాలనుకున్నది వింటానన్నాను, కాకపోతే ఆ ఫోన్ వచ్చిన సంగతి ఆయనకి చెబుతానన్నాను. ఆయన ఒప్పుకుంటే ముగ్గురం కూర్చోవచ్చన్నాను. ఫోన్ పెట్టేసిన పద్ధతి బట్టి ఆవిడకి నచ్చలేదని తెలిసింది. ఆ సాయంత్రం ఆయనకి చెప్పాను. ఆయన మొహంలో కనిపించిన భయం, భార్య ఆరా తీసిందన్నదానికి మించినది. అది కూడా నోట్ చేసుకున్నాను, కానీ అర్థం చేసుకోలేదు.

రెండు, మూడు సిట్టింగులు పానిక్ మీదే గడిచాయి. గుండె దడ వచ్చాక "పోతున్నాను" అన్న ఆలోచన, దానివల్ల ఇంకా దడ, అలా చక్రం ఎలా తిరుగుతుందో కాగితం మీద గీసుకున్నాం. మూడోసారి ఒక్క నిమిషం గబగబా ఊపిరి తీయించాను (గుండె రిపోర్టులన్నీ బాగున్నాయని సైకియాట్రిస్టుతో నిర్ధారించుకున్నాకే). తిమ్మిరి, తల తిరగడం, నోరెండిపోవడం, అన్నీ వచ్చాయి. ఊపిరి ఎక్కువై రక్తంలో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) తగ్గినందువల్ల వచ్చేవి ఇవి. "ఇదే మేడం, అచ్చంగా ఇదే" అన్నారు. రెండు నిమిషాల్లో తగ్గిపోయింది. బాగా సాగుతోందనుకున్నాను.

నాలుగోసారి ఆయన రాలేదు.

బకాయి

మా నియమం ప్రకారం ఇరవై నాలుగు గంటల ముందు చెప్పకుండా మానేస్తే సగం ఫీజు. రిసెప్షన్‌లోని అమ్మాయి నియమం ప్రకారమే వాట్సాప్ పెట్టింది: "మీ పేరిట రూ. 500 బకాయి ఉన్నది. దయచేసి వెంటనే చెల్లించగలరు."

ఐదు వారాలు ఆయన జాడ లేదు. చికిత్స మధ్యలో మానేసేవాళ్లని "ప్రతిఘటన" అనే మాటతో సర్దుకోవడం మా వృత్తిలో సులువు. నేనూ మొదట అదే అనుకున్నాను. తరవాత డైరీ తిరగేస్తే నేను ఆయనకిచ్చిన సమయం ప్రతి మంగళవారం సాయంత్రం ఐదు గంటలు. ఆ వారం ఆయనకి బి షిఫ్టు, మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా. షిఫ్టులు మారే మనిషికి స్థిరమైన వారం, స్థిరమైన గంట ఇచ్చి, రాలేదని జరిమానా వేశాను. షిఫ్టుల చార్టు అడగాలన్న ఇంగితం లేకపోయింది.

భార్యకి కాకుండా నేరుగా ఆయనకే ఫోన్ చేశాను. పొరపాటు నాదేనని, ఐదొందలు కొట్టేశామని, షిఫ్టును బట్టి సమయం మార్చుకుందామని చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత అన్నారు: "ఆ మెసేజీ చూడగానే వచ్చీసింది మేడం. షెడ్డు బయట బల్ల మీద పడుకుండిపోనాను. బకాయి అన్నారు కదా."

ఐదొందల రూపాయలకి మనిషి పడిపోడు. రమ్మన్నాను. బి షిఫ్టు వారంలో వచ్చారు, ఉదయం ఎనిమిదిన్నరకి. మధ్యాహ్నం షిఫ్టు వారం ఆయనకి ఉదయాలు ఖాళీ అని అప్పుడే రాసిపెట్టుకున్నాను.

ఆ రోజు చెప్పారు. రెండేళ్ల క్రితం బావమరిది ఒక ప్రైవేటు చీటీ పాడుకుంటే ఈయన హామీ సంతకం పెట్టారు. కాగితం చదవలేదు. "భార్య తమ్ముడు, ఏటి చదువుతాం?" బావమరిది కొన్ని నెలలు కట్టి, ఊరు విడిచి వెళ్లిపోయాడు. చీటీ నడిపే ఆయన లాయరు చేత రిజిస్టరు పోస్టులో నోటీసు పంపించాడు: దాదాపు నాలుగు లక్షల బకాయి. అది ఇంటికి కాకుండా పని చోటుకి రావడం అదృష్టమో దురదృష్టమో. లాకర్లో హెల్మెట్ కింద దాచి, డ్యూటీ ఎక్కారు. మొదటి పానిక్ ఆ మధ్యాహ్నమే.

సర్టిఫికెట్ నంబరు సరిచూసుకోవడం, సమ్మతి పత్రం ఎక్కడికెళ్తుందనడం, బిల్లు మీద ఏం రాస్తారనడం, భార్య ఫోన్ చేసిందంటే పాలిపోవడం, అన్నీ ఒక్కసారి నా ముందు వరసలో నిలబడ్డాయి. ఉద్యోగ భయం కొంత ఉంది, లేదనను. కానీ ఆయన మొదటి రోజు నుంచీ అడుగుతున్నది ఒక్కటే: ఈ కాగితం మీద పెట్టిన సంతకం రేపు నా ఇంటి మీదకి వస్తుందా? నేను దాన్ని క్లినిక్ గురించిన ఆఫీసు ప్రశ్నగా తీసుకుని, ఆఫీసు జవాబు చెప్పాను. "ఎందుకడుగుతున్నారు?" అని ఒక్కసారి అడిగి ఉంటే ఐదు వారాలు కలిసొచ్చేవి.

తరవాత

నేను లాయరుని కాను. కానీ పారిశ్రామిక కార్మికులకి 1987 న్యాయ సేవల చట్టం కింద ఉచిత న్యాయ సహాయం ఉందని తెలుసు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి నోటీసు పట్టుకెళ్లమన్నాను. అక్కడి లాయరు చేసిన మొదటి మేలు నోటీసుకి జవాబు రాయించడం. రెండోది, ఆ కాగితం అంటే ఏమిటో, ఏం కాదో తెలుగులో చెప్పడం. అది జప్తు ఉత్తర్వనుకుని నెలల తరబడి నిద్ర మానేశారు ఈయన. అది కేవలం నోటీసు.

పానిక్ పని మళ్లీ ఎత్తుకున్నాం. మెట్లు ఇలా వేసుకున్నాం: మొదట మా బిల్డింగ్ లిఫ్టు, నాతో. తరవాత ఒంటరిగా. తరవాత గాజువాక బస్సులో మధ్య సీటు, ఫ్లైఓవర్ మీదుగా. ఆ తరవాత కైలాసగిరి రోప్‌వే. ఈ మెట్టు ఆయనే సూచించారు. గాల్లో వేలాడే డబ్బా, తలుపు బయట నుంచి వేస్తారు, మధ్యలో దిగడానికి లేదు, ఎదురుగా సముద్రం. క్రేన్ క్యాబిన్‌కి ఇంతకంటే దగ్గరి నకలు ఊళ్లో దొరకదు. నియమం ఒక్కటే: గాభరా వస్తే ఆపడానికి ప్రయత్నించకూడదు, కళ్లు మూసుకోకూడదు, జేబులో బిళ్ల ఉంచుకోకూడదు. వచ్చి, పెరిగి, దానంతటది తగ్గేదాకా చూడాలి. మొదటిసారి వెళ్లి పైన అరగంట కూర్చుండిపోయి మెట్ల దారిన దిగొచ్చారు. రెండోసారి రోప్‌వేలోనే దిగారు. మూడోసారి పిల్లల్ని తీసుకెళ్లి ఐస్‌క్రీం కొనిపెట్టారు. అది చికిత్సా షికారా అని నేను అడగలేదు.

తొమ్మిదో సిట్టింగ్‌కి భార్యని రమ్మన్నారు. ఏం చెప్పాలో, ఏది చెప్పకూడదో ముందు వారమే ఇద్దరం మాట్లాడుకున్నాం. ఆయన నోటీసు జిరాక్స్ తీసి టీపాయ్ మీద పెట్టారు. ఆవిడ చదివారు. తమ్ముడి పేరు దగ్గర వేలు ఆగింది. ఏడుస్తారనుకున్నాను, లేదా అరుస్తారనుకున్నాను. నీళ్లు తాగి, "ఎన్ని వాయిదాల్లో కట్టమంటన్నారు?" అన్నారు. ఆ తరవాత, మెట్ల మీద, నాకు వినపడేంత గట్టిగా తమ్ముణ్ని తిట్టారు.

మొత్తం పద్నాలుగు సిట్టింగులు, సుమారు ఏడు నెలలు. ఆఖరి నెలలో ఒక్క పానిక్ వచ్చింది, అది కూడా ఇంట్లో. జీఏడీ-7 స్కోరు 6. మందు ఇంకొన్నాళ్లు వాడాలని సైకియాట్రిస్టు చెప్పారు. క్యాబిన్‌లోకి తిరిగి వెళ్లడం మూడు దశల్లో జరిగింది: పవర్ ఆపిన క్రేన్‌లో కూర్చోవడం, ఖాళీ హుక్కుతో నడపడం, తరవాత బరువుతో. డాక్టరు ఫిట్‌నెస్ ఇచ్చాకే మూడోది. చీటీపాట బకాయి గొడవ ఇంకా తేలలేదు. బావమరిది ఫోన్ ఎత్తడం మొదలుపెట్టాడని విన్నాను.

ఈ కేసు తరవాత మా పద్ధతుల్లో రెండు మార్పులు చేశాం. సమ్మతి పత్రంలో షిఫ్టులో పనిచేస్తారా అన్న గడి చేరింది. డబ్బు గుర్తుచేసేటప్పుడు బకాయి అనే మాట వాడడం మానేశాం. ఇప్పుడు రిసెప్షన్ అమ్మాయి మెసేజీ పెట్టదు, ఫోన్ చేస్తుంది.

ఆఖరి రోజు ముగింపు పత్రం ఇచ్చాను, ఒకటిన్నర పేజీ. దాంతోపాటు తన ఫైలు చూస్తానన్నారు. బయట తరవాతి వాళ్లు వచ్చి కూర్చున్నారు. ఆయన కళ్లజోడు పెట్టుకుని, వేలు కింద పెట్టి, మొదటి రోజు కాగితం నుంచి చదవడం మొదలుపెట్టారు. ఇరవై నిమిషాలు పట్టింది. మధ్యలో ఒకచోట ఆగి ఫైలు నా వైపు తిప్పారు.

"పరువు భయం అని రాసినారు. అది కాదు కదా మేడం."

కాదన్నాను. వైద్య రికార్డులో కొట్టేసిన మాట కనపడేలా ఉండాలి కాబట్టి ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, తేదీ వేశాను. అది కూడా చదివారు. అప్పుడు పెన్ను అడిగి సంతకం పెట్టారు.